వెనక మిగిలినవారు

మార్చి 3, 2009, మంగళవారం

థర్మన్ పోయాడు. నిన్న సాయంత్రం, ఆస్పత్రిలో. పొద్దున్నే లెమ్యుయెల్ ఫోన్ చేశాడు. "మిమ్స్ అన్నా, కూర్చునే ఉన్నావా?" అన్నాడు. అలా అడిగినప్పుడే నాకు తెలిసిపోయింది.

పద్నాలుగో తారీకు శనివారం అంత్యక్రియలు. జీవిత విశేషాలు నేనే రాయాలి. ఇంకెవరు రాస్తారు? మా ఫ్రెటర్నిటీ, అంటే కాలేజీలో చేరి బతికినంతకాలం సోదరులుగా ఉండే నల్లవాళ్ల సంఘం, దాని ఊరి శాఖకి పందొమ్మిదేళ్లుగా కార్యదర్శిని. ఇప్పటికి పోయిన సోదరులు ముప్ఫై ఒక్కమందికి రాశాను. చర్చిలో పంచే చిన్న పుస్తకంలో రెండో పేజీ ఎప్పుడూ నాదే. పుట్టింది, చదివింది, సంఘంలో చేరిన ఏడు, చేసిన ఉద్యోగం, ఆఖర్న 'వెనక మిగిలినవారు'.

థర్మన్ గాడిస్. పుట్టింది 1946. నల్లపిల్లల హైస్కూల్లో మొదలుపెట్టి, తరవాత తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి చదివే హైస్కూల్లోనూ కలిపి ముప్ఫై నాలుగేళ్లు బ్యాండు మాస్టారు. మాది ఒకే కాలేజీ, సంఘంలో కలిసి చేరిన ఒకే లైను. 1966 వసంతంలో ఏడుగురం చేరాం. పొడుగుని బట్టి నిలబెట్టేవారు. వాడు నాలుగు, నేను ఐదు. పది వారాలు వాడి మెడ వెనక భాగం చూస్తూ నడిచాను.

ఇవాళ్టికి ఇంతే.

మార్చి 4, బుధవారం

కార్లిస్ కేకు చేసి, గుడ్డ చుట్టి నా చేతికిచ్చింది. "గాడిస్ ఇంట్లో ఇచ్చిరా" అంది.

"ఎవరికివ్వను? వాళ్లక్క డెట్రాయిట్ నించి వచ్చేసరికి వారం పడుతుంది."

"ఇంట్లో ఎవరున్నారో వాళ్లకివ్వు" అంది నా భార్య. "ఎవరున్నారో నీకు తెలుసుగా."

హోసియా పెట్‌వే తలుపు తీశాడు. స్కూలు బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఇరవైమూడేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. సంఘంలో మేమంతా 'థర్మన్ ఇంట్లో అద్దెకున్నాయన' అంటాం. అద్దె సంగతి ఎవరం ఎప్పుడూ అడగలేదు.

కేకు అందుకుని, కాఫీ పెట్టాడు. బల్ల మీద థర్మన్ కళ్లద్దాలు మూడు జతలు వరసగా పెట్టి ఉన్నాయి. "ఏది పెట్టి పంపాలో తోచట్లేదండీ" అన్నాడు. "చదువుకునేటప్పటివా, బ్యాండు ముందు నిలబడేటప్పటివా?"

బ్యాండువి పెట్టమన్నాను.

చేతుల కేసి చూసుకున్నాడు. ఎంత తోమినా పోని గ్రీజు గోళ్ల చుట్టూ. "మిమ్స్ గారూ, మీరే రాస్తారటగా?"

"అవును."

"నాకు పెద్ద మాటలేం వద్దు. ఎవర్నీ ఇబ్బందిపెట్టను. ఆఖర్న పేర్లుంటాయే, వాటిలో నా పేరొక్కటి పెట్టండి. స్నేహితుడు అన్నా చాలు. ఊరికే పేరు. నేనూ ఒకణ్ణి మిగిలానని."

"దానికేం భాగ్యం, తప్పకుండా" అన్నాను. లేచి చెయ్యి కూడా ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆ ఇంట్లోకి వెళ్లి చాలా ఏళ్లయింది. 1986 తరవాత వెళ్లలేదు. పని ఎక్కువగా ఉండేది.

మార్చి 5, గురువారం

రాశాను. బాగా వచ్చింది. 'వెనక మిగిలినవారు: సోదరి యూలా గాడిస్ బౌల్స్, చిరకాల మిత్రుడు హోసియా పెట్‌వే, అసంఖ్యాకులైన శిష్యులు, సంఘ సోదరులు.'

తరవాత. 'చిరకాల' కొంచెం ఎక్కువయింది. తీసేశాను. 'మిత్రుడు' చాలు. అతను అడిగింది కూడా అంతే.

మార్చి 6, శుక్రవారం

శాఖ సమావేశం. పదహారుమందిమి వచ్చాం. శుక్రవారం కాబట్టి వేయించిన చేపలు, రొట్టె.

మొదలవకముందే క్లైడ్ మాయో తన ఫోను అందరి చేతుల్లోకీ తిప్పాడు. జార్జియాలో ఏదో కాలేజీ శాఖలో కుర్రవాడు, మన సంఘం జాకెట్టు వేసుకుని, ఇంకో మగపిల్లాడి మెడ చుట్టూ చెయ్యేసి డాన్సు చేస్తున్నాడు. లక్షమంది చూశారట.

"మన రంగులు చూడండి, ఎంత గొప్ప చోటికి వెళ్లాయో!" అన్నాడు క్లైడ్.

"అడుగులు మాత్రం బాగా వేస్తున్నాడురా. మీ లైనులో ఎవడికీ అంత తాళం లేదు" అని వెనక నించి ఎవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

క్లైడ్ నవ్వలేదు. "నవ్వండి. మా నాన్న ఈ సంఘం పిన్ను కోటుకి పెట్టుకుని ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోడానికి వెళ్లాడు. గుమాస్తా ఉమ్మేశాడు. కోటు తుడుచుకుని మళ్లీ వెళ్లాడు. మన గురించి తెల్లాళ్లు అనేవి సరిపోలేదా? మనమే పిండి రుబ్బి, అట్టు వేసి, వాళ్ల కంచంలో పెట్టాలా?"

అది తప్పు మాటేం కాదు. మేం చదివిన రోజుల్లో టై లేకుండా హాస్టలు గేటు దాటేవాళ్లం కాదు. ఆ టై మాకు చొక్కా మీద గుడ్డ కాదు, గొడుగు. దాని కింద ఎవడు ఎవడో ఎవరూ అడిగేవారు కాదు. అడగకపోవడమే మా మర్యాద.

తరవాత థర్మన్ విషయం వచ్చింది. వచ్చే శుక్రవారం సంఘం తరఫున వీడ్కోలు, శనివారం చర్చి. లెమ్యుయెల్ అధ్యక్షుడు, పళ్ల డాక్టరు, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నా కేసి చూసి "రాత నీది, మిమ్స్ అన్నా. నీ పెన్ను మీద మాకు నమ్మకం. ఏం రాయాలో నీకు ఒకరు చెప్పక్కర్లేదు" అన్నాడు.

అంటే ఏమిటో అందరికీ తెలుసు. లెమ్యుయెల్ అంతకంటే స్పష్టంగా చెప్పలేడు.

మార్చి 8, ఆదివారం

రేపు ప్రెస్సుకివ్వాలి. జూలైలో మొబీల్ ఊళ్లో సంఘం జాతీయ మహాసభ. ఈ పుస్తకం ఎక్కడెక్కడికో వెళ్తుంది. సంఘం పరువు అనేది ఒకటుంది. హోసియా అర్థం చేసుకుంటాడు. నెమ్మదస్తుడు.

మార్చి 9, సోమవారం

ప్రెస్సుకిచ్చాను.

మార్చి 10, మంగళవారం

పేర్ల మధ్య ఒక పేరు లేకపోతే చదివేవాళ్లకి తేడా ఏముంటుంది? పొడుగు పేర్ల జాబితాలు ఎవరూ చదవరు. ముప్ఫై ఒక్కటి రాశాను, నాకు తెలుసు.

మార్చి 11, బుధవారం

నిద్ర లేదు. పగలంతా గరాజు సర్దాను.

ఒక సంగతి రాస్తాను. ఎక్కడా రాయలేదు ఇంతవరకూ.

1967 వేసవి సెలవుల్లో థర్మనూ నేనూ కాలేజీలోనే ఉండిపోయాం. హాస్టలు కిటికీలకి రంగు వేసే పని. నూట పన్నెండు కిటికీలు. వాడు లోపలివైపు, నేను నిచ్చెనెక్కి బయటివైపు. మధ్యలో అద్దం. ఎండ అద్దం మీద పడితే నాకు లోపల ఏమీ కనపడేది కాదు, వాడికి నేను కనపడేవాణ్ణి. ఏదో ట్యూను ఈలవేస్తూ ఉండేవాడు, అద్దం మీద వేలితో దరువు. ఖాళీ హాస్టల్లో మేమిద్దరమే. ఆ ఎనిమిది వారాల గురించి అంతకంటే రాయను.

ఆగస్టులో అన్నాడు: "డెట్రాయిట్ పోదాం, ఆర్డెల్. మా అక్కుంది. పెద్ద ఊరు. ఎవడికీ ఎవడూ పట్టడు." సరే అన్నాను. శనివారం పదిన్నర బస్సు. పెట్టె సర్దాను. పెట్టె మంచం మీద పెట్టుకుని పక్కనే కూర్చున్నాను. పన్నెండయ్యాక విప్పి, చొక్కాలు మళ్లీ కొక్కేలకి తగిలించాను.

అక్టోబరులో వెనక్కి వచ్చేశాడు. డిగ్రీ పూర్తి చేయాలిగా. నన్ను చూసి సంఘం పద్ధతిలో చెయ్యి కలిపాడు. "బస్సు కాసేపు ఆపించాను" అన్నాడు. అంతే. నలభై ఏళ్లలో మళ్లీ ఆ మాట ఎత్తలేదు. 1970లో నా పెళ్లికి బాకా వాయించాడు.

ఇవి కుర్రతనపు సంగతులు. వీటికీ ఆ పుస్తకానికీ సంబంధం లేదు. సంబంధం లేదని చెప్పడానికే రాశాను.

మార్చి 13, శుక్రవారం

వీడ్కోలు అయింది. అంత్యక్రియలు జరిపించేవాళ్ల హాల్లో. నల్లసూట్లు, తెల్ల గ్లవుజులు. శవపేటిక చుట్టూ వలయంగా నిలబడి చెప్పాల్సిన మాటలు చెప్పాం. అవి బయటివాళ్లు వినకూడనివి.

మేం వెళ్లేసరికి హోసియా తలవైపు నిలబడి టై ముడి సరిచేస్తున్నాడు. బయటివాళ్లు వెనక వరసల్లోకి వెళ్లాలని చెప్పాల్సి వచ్చింది. వెళ్లాడు. గొడవేం జరగలేదు.

థర్మన్ మొహానికి బ్యాండు కళ్లద్దాలు పెట్టారు.

మార్చి 13, మళ్లీ

చెప్పింది నేనే. లెమ్యుయెల్ వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు, క్లైడ్ గోడకేసి చూశాడు. ఎవరూ కదలకపోతే నేనే దగ్గరికి వెళ్లి "హోసియా, ఇది సభ్యులకి మాత్రమే" అన్నాను. "ఒక్క నిమిషం, ముడి పక్కకి పోయింది" అన్నాడు. "మేం చూసుకుంటాం" అన్నాను.

ముడి ఎవరూ చూడలేదు. పక్కకే ఉండిపోయింది.

మార్చి 14, శనివారం

చర్చి నిండిపోయింది. పాత విద్యార్థులు బాకాలు పట్టుకుని వచ్చారు. తలనెరిసినవాళ్లు కూడా. మెట్ల మీద నిలబడి వాయించారు. పాస్టరు గారు "బ్రదర్ గాడిస్ సంగీతాన్ని పెళ్లాడాడు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ వాక్యం నాది. పుస్తకంలో నేను రాసిందే.

హోసియా గోధుమరంగు సూటులో నాలుగో వరసలో చివర కూర్చున్నాడు. నేను ఎడంపక్క సోదరులతో. పుస్తకం విప్పాడు. రెండో పేజీ చదివాడు, వేలు పెట్టి, మెల్లిగా. కిందిదాకా వచ్చాడు. మళ్లీ పైనించి మొదలుపెట్టాడు. వెనకపేజీ తిప్పి చూశాడు, అక్కడేమైనా ఉందేమోనని. మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

నా కేసి చూడలేదు.

సమాధి దగ్గర నించి వచ్చాక చర్చి కింది హాల్లో భోజనాలు. వేయించిన కోడి, ఆకుకూర, మకరోనీ. నేను కంచం పట్టుకుని నిలబడ్డాను. థర్మన్ అక్క యూలా లెమ్యుయెల్ ముందు ఆగింది. డెబ్భైరెండేళ్ల మనిషి, పెద్ద నల్లటోపీ, చేతికర్ర.

"డాక్టరుబాబూ, ఈ రాత ఎవరిది?"

"మా కార్యదర్శి మిమ్స్ గారిదమ్మా. చక్కగా రాశారు కదూ?"

"చక్కగానే ఉంది. హోసియా పేరేది? నేను నీకు ఫోన్లో చెప్పానా లేదా? నా పేరుకంటే ముందు పెట్టమన్నానా లేదా? మంచాన పడ్డ రెండేళ్లూ వాణ్ణి ఎత్తి స్నానం చేయించింది నేనా?"

లెమ్యుయెల్ నా కేసి తిరిగాడు. మొహంలో ఏమీ లేదు. "నాకు గుర్తుందమ్మా. రాసేది మిమ్స్ అన్న కాబట్టి ఆయనకి వదిలేశాను. న్యాయమని తోచింది రాస్తారని."

అందరూ నన్నే చూస్తున్నారు. కార్లిస్ నిమ్మరసం జగ్గు పట్టుకుని చూస్తోంది. హోసియా గోడపక్క కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"ప్రెస్సులో పోయింది" అన్నాను. "నేను రాసే ఇచ్చాను. వాళ్లు ఒక వరస వదిలేశారు."

యూలా కర్ర ఊతంగా నా దగ్గరికి వచ్చింది. "ఆర్డెల్ మిమ్స్ అంటే నువ్వేనా?"

"అవునమ్మా."

ఆవిడ నన్ను పైనించి కిందికి చూసింది. చాలాసేపు. "నువ్వా" అంది. వెళ్లి హోసియా పక్కన కూర్చుని, కంచంలో కోడిముక్క చీల్చి అతనికి పెట్టింది.

నా ఆకుకూర చల్లారిపోయింది. తినేశాను. వదిలేస్తే అడుగుతారు.

మార్చి 15, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. జలుబు.

మార్చి 16, సోమవారం

కార్లిస్ బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఎవరా ప్రెస్సువాళ్లు? మన పార్కిన్స్ వాళ్లేగా?"

"ఊఁ."

"అవతలి గురువారం నీ బల్ల తుడిచాను. కాగితం పైనే ఉంది. పేరుంది. పోయిన సోమవారం నువ్వు కవర్లో పెట్టిన కాగితం వేరే. ఆ పాతది చెత్తబుట్టలో ఉంది."

"సంఘం పరువు గురించి ఆలోచించాలి కదా. ఆ రోజు సమావేశంలో ఏమన్నారో నీకు తెలీదు."

"ఏమన్నారు?"

చెప్పబోయాను. లెమ్యుయెల్ అన్న మాటలు పైకి అంటే ఎలా వినపడతాయో అప్పుడే తెలిసింది. ఏం రాయాలో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. అందులో హోసియా లేడు. వద్దని లేదు.

కార్లిస్ నా చొక్కా మడత సరిచేసింది. "ముప్ఫైతొమ్మిదేళ్ల కాపురం, ఆర్డెల్. నేను చదువురాని దాన్ని కాదు. ఆ పేరు నువ్వు సంఘం కోసం కొట్టెయ్యలేదు."

"మరి?"

"నన్నడుగుతావా?" అంది. బట్టల బుట్ట తీసుకుని పైకి వెళ్లిపోయింది.

మార్చి 17, మంగళవారం

సంఘం కోసమే.

మార్చి 18, బుధవారం

లెమ్యుయెల్ వచ్చాడు. లోపలికి రాకుండా కారు పక్కనే నిలబడి మాట్లాడాడు.

"అన్నా, ప్రెస్సు సంగతి నిజమేనా?"

"ఎందుకడుగుతున్నావు?"

"నిజమైతే మళ్లీ వేయిద్దామని. యూలమ్మ అడుగుతోంది." నా మొహం చూసి ఆగాడు. "నిజం కాదన్నమాట."

"నువ్వే కదా అన్నావు సమావేశంలో."

"నేనేమన్నాను?"

నేను కారు అద్దం మీద దుమ్ము తుడిచాను.

"నువ్వు పెట్టి ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు" అన్నాడు లెమ్యుయెల్. "క్లైడ్ గంటసేపు గొణిగేవాడు. వాడి కొడుక్కి బాకా నేర్పింది థర్మనే. వాడూ ఊరుకునేవాడు. ఆ ఇంట్లో ఏముందో ఊరందరికీ తెలుసు, అన్నా. నువ్వు రాస్తావనే అనుకున్నాం."

"తెలిస్తే పెట్టమని చెప్పచ్చుగా? ఆవిడ నీకే ఫోన్ చేసి చెప్పిందిగా?"

తాళాలు చేతిలో తిప్పాడు. "నేను అధ్యక్షుణ్ణి. నా నోటితో ఎలా చెప్తాను? నువ్వు రాసుంటే, నాకు తెలీకుండా జరిగిపోయిందని ఊరుకునేవాణ్ణి."

తరవాత వాళ్లావిడ మోకాలి ఆపరేషన్ గురించి మాట్లాడుకున్నాం.

మార్చి 19, గురువారం

ఇది రాయకపోతే ఈ డైరీ కూడా ఆ చర్చి పుస్తకంలాంటిదే అవుతుంది.

1986లో ఒకరోజు ఇనపసామాన్ల కొట్లో వాళ్లిద్దర్నీ చూశాను. గోడరంగు ఎంచుకుంటున్నారు. థర్మన్ రంగుచీటీ హోసియా బుగ్గ పక్కన పెట్టి, ఈ రంగైతే నువ్వు గోడలో కలిసిపోతావు అన్నాడు. హోసియా పడీపడీ నవ్వాడు. కొట్లో నలుగురున్నారు. వాళ్లకి పట్టలేదు. ఈ ఊళ్లోనే, పట్టపగలు. డెట్రాయిట్ కాదు, ఈ ఊళ్లో.

మేకులు కొనకుండా వచ్చేశాను. ఆ తరవాత వాళ్లింటికి వెళ్లలేదు. పని ఎక్కువగా ఉండేదని రాశాను పైన ఎక్కడో. పనేమీ లేదు.

పేరు కొట్టేసిన పెన్ను నాది. అప్పుడు నా మనసులో సంఘం లేదు, మొబీల్ లేదు, క్లైడ్ నాన్న కోటు లేదు. రంగుచీటీ ఉంది.

మార్చి 22, ఆదివారం

హోసియా ఇంటిదాకా వెళ్లాను. ట్రక్కు ఉంది. వీధి చివరిదాకా పోయి తిరిగి వచ్చాను.

మార్చి 24, మంగళవారం

మళ్లీ.

మార్చి 28, శనివారం

అతనే వచ్చాడు. పొద్దున పదింటికి. నేను ముందు గడ్డి కోస్తున్నాను. యంత్రం ఆపాను.

ట్రక్కు వెనక పెట్టెలు, ఒక కుర్చీ, పరుపు. చేతిలో థర్మన్ సంఘం కోటు, హ్యాంగరుకి, ప్లాస్టిక్ కవరు వేసి. పైన చిన్న డబ్బాలో సంఘం పిన్ను.

"సభ్యుడు పోతే ఇవి సంఘానికి ఇచ్చెయ్యాలటగా. రూలుందని థర్మన్ చెప్పేవాడు. డ్రైక్లీనింగ్ చేయించాను."

"ఎక్కడికి?" అన్నాను ట్రక్కు చూసి.

"బర్మింగ్‌హాం. మా చెల్లెలింటికి. యూలమ్మ ఉండమనే అంది. ఇల్లు నీదే అనుకో, కాగితం రాసిస్తానంది. ఉండలేనండీ. పాలు కొనడానికి వెళ్తే పాత విద్యార్థులు వచ్చి, పాపం మాస్టారు పోయారట, మీరు ఆయన ఇంట్లో అద్దెకుండేవారు కదా, ఇప్పుడెక్కడుంటారు అంటున్నారు. మంచివాళ్లే. ఏం చెప్పను వాళ్లకి? పుస్తకంలో కూడా లేకపోతిని."

"హోసియా, అది ప్రెస్సు..."

"వద్దు" అన్నాడు. మెల్లిగానే. "నాతో వద్దు, మిమ్స్ గారూ."

కోటు అందుకున్నాను. బరువుగా ఉంది.

"నాకు మీ మీద కోపం లేదనను. ఉంది. కానీ చెప్పాల్సిందొకటుంది, చెప్పి పోతాను. ఆఖరి నెలలో నేను భయపడేవాణ్ణి. నువ్వు పోతే ఈ సంఘంవాళ్లు నిన్ను తీసుకుపోతారు, నన్ను గుమ్మంలో నిలబెడతారు అనేవాణ్ణి. వాడు నవ్వేవాడు. 'ఆర్డెల్ ఉన్నాడుగా' అనేవాడు. 'రాసేది వాడే. వాడు చూసుకుంటాడు' అనేవాడు."

కోటు ఈ చేతి నించి ఆ చేతికి మార్చుకున్నాను.

"మీ సంగతి నాకు చెప్పాడు. ఎప్పుడో, మొదట్లోనే. కిటికీల సంగతి, బస్సు సంగతి. నేనేం బాధపడలేదు. పైగా వాడు పోయాక అనుకున్నాను, ఈ ఊళ్లో నాకేం పోయిందో తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడని. అందుకే ఆ రోజు మిమ్మల్ని ధైర్యంగా అడిగాను. ఇంకెవర్నయినా అయితే అడిగేవాణ్ణి కాదు."

"లోపలికి రా" అన్నాను. "కార్లిస్ కాఫీ పెడుతుంది. కూర్చుని..."

"ఎండెక్కకముందే బయల్దేరాలి."

ట్రక్కు ఎక్కాడు. స్టార్టు కాలేదు. దిగి, బానెట్ ఎత్తి, ఏదో కెలికి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. అంతసేపూ నేను కోటు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. క్షమించమని అనడానికి అయిదు నిమిషాలు దొరికాయి. ఎవరూ లేరు. వీధిలో కుక్క కూడా లేదు.

"పాత బండి" అన్నాను.

"నడుస్తుంది" అన్నాడు. వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 3, శుక్రవారం

శాఖ సమావేశం. కోటు, పిన్ను అప్పజెప్పాను. క్లైడ్ కవరు పైకెత్తి చూసి "ఎంత శుభ్రంగా పెట్టుకున్నాడో!" అన్నాడు. ఎవరు శుభ్రం చేయించారో నేను చెప్పలేదు.

లెమ్యుయెల్ నన్ను పక్కకి పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. మా సంఘం జాతీయ పత్రికలో పోయినవాళ్ల పేజీ ఉంటుంది. దానికి థర్మన్ వివరాలు పంపాలి. దేశమంతా వెళ్తుంది. "ఈసారి ప్రెస్సువాళ్లు వదిలెయ్యకుండా చూడు, అన్నా" అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు. నాకు ఇంకో అవకాశం ఇస్తున్నట్టు భుజం తట్టాడు.

ఏప్రిల్ 6, సోమవారం

కాగితంలో ఆరు గళ్లు. ఆఖరిది మిగిలినవారికి. రెండు వరసలు రాసుకోవచ్చు. స్థలం బోలెడుంది.

ఏప్రిల్ 7, మంగళవారం

హోసియా పెట్‌వే అని రాశాను. పెన్సిల్‌తో. బాగానే ఉంది చూడ్డానికి.

ఏప్రిల్ 8, బుధవారం

ఇప్పుడు పెడితే, చర్చి పుస్తకంలో ఎందుకు లేదని అడుగుతారు. ప్రెస్సు అని చెప్పాను. ప్రెస్సువాళ్లని ఎవరైనా అడిగితే? కాగితం వాళ్ల దగ్గర ఉండే ఉంటుంది. లెమ్యుయెల్ ఒకడికి తెలుసు, చాలు. పైగా మిమ్స్‌కి ఇంత పట్టింపు ఎందుకని ఒకడు అంటాడు. ఒకడంటే ఇంకొకడు ఆలోచిస్తాడు. అరవైమూడేళ్లు వచ్చాక.

అతను ఈ ఊళ్లో కూడా లేడు. పత్రిక అతనికి రాదు.

ఏప్రిల్ 9, గురువారం

రబ్బరుతో తుడిచి, సిరాతో పూర్తిచేసి, పోస్టులో వేశాను.

భోజనాల దగ్గర కార్లిస్ అడిగింది. "పత్రికకి పంపావా?"

"పంపాను."

"పేరు పెట్టావా?"

"స్థలం లేదు" అన్నాను. "ఒకే గడి ఇచ్చారు."

కార్లిస్ తింటూనే ఉంది. మొక్కజొన్న రొట్టె ఇంకో ముక్క నా కంచంలో వేసింది. నీళ్లు తాగింది. తరవాత, బీన్సులో ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతోనే అంది:

"నేను పోతే నా గురించి నువ్వు రాయొద్దు, ఆర్డెల్. మా చెల్లెలు రాస్తుంది. దానికి చెప్పాను కూడా."

సరేనన్నాను.